బీడీ, వేప్, క్వార్టర్: పరిశోధనలు రోజుకో మాట చెప్తున్నట్టు ఎందుకు అనిపిస్తుంది?

మొన్న దేవరకొండ దగ్గర మా చుట్టాల ఇంట్లో దావత్. వేపచెట్టు కింద కుర్చీలు వేశారు, పక్కన పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది. మా చిన్నాయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఏంది బిడ్డా ఇది? రోజుకో పెగ్గు గుండెకు మంచిదని మొన్నటిదాక పేపర్లనే రాసిండ్రు. ఇప్పుడేమో ఒక్క చుక్క గూడ వద్దంటున్నరు. గీ కరెంటు సిగరెట్ల నూటికి తొంభై అయిదు వంతులు నష్టమే లేదంట. అంత మంచిదైతే గవర్నమెంటు ఎందుకు బంద్ పెట్టింది?"

కరెంటు సిగరెట్ అంటే వేప్, దాన్నే ఈ-సిగరెట్ అని కూడా అంటారు. మూడూ వాట్సాప్ ఫార్వర్డ్‌లే. అయినా ఒక్కటీ గాలికబురు కాదు, మూడింటి వెనకా నిజమైన పరిశోధనలు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి కొట్లాడుతున్నట్టు కనిపించడానికి కారణం ఒకటే. ఆరోగ్యం మీద వచ్చే ప్రతి లెక్కలోనూ ఒక పోలిక ఉంటుంది: ఎవరిని ఎవరితో పోల్చారు, ఎంత మోతాదుకు పోల్చారు అని. ఫోన్ నుంచి ఫోన్‌కు పోయేసరికి అంకె మిగులుతుంది, పోలిక రాలిపోతుంది. దాన్ని వెతికి మళ్లీ అంకె పక్కన పెడితే చిన్నాయన అడిగిన చిక్కు చాలావరకు విడిపోతుంది.

'ఒక డ్రింక్' అంటే ఎంత?

మందు మీద పరిశోధనలన్నీ 'రోజుకు ఒక డ్రింక్', 'రెండు డ్రింక్‌లు' అని లెక్కగడతాయి. అక్కడ డ్రింక్ అంటే గ్లాసు కాదు, సీసా కాదు. చాలా అంతర్జాతీయ అధ్యయనాల్లో ఒక డ్రింక్ అంటే 10 గ్రాముల శుద్ధ ఆల్కహాల్.

ఇది చూపిద్దామని ఇంట్లో పిల్లల దగ్గుమందు మూత తెప్పించాను. దాని మీద 10 మిల్లీలీటర్ల గీత ఉంది. మూడు మూతల నీళ్లు స్టీలు గ్లాసులో పోసి చిన్నాయనకు ఇచ్చాను. గ్లాసు అడుగు తడిసింది, అంతే. "గింతేనా? నాలిక గూడ తడువది" అన్నాడు.

అంతే. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది. 30 మి.లీ.లో 12.8 మి.లీ. ఆల్కహాల్. నీళ్లకంటే తేలిక కాబట్టి దాన్ని 0.789తో గుణిస్తే 10 గ్రాములు వస్తుంది. అదీ పరిశోధకుల 'ఒక డ్రింక్'. ఈ లెక్కన 'నైంటీ' అంటే మూడు డ్రింక్‌లు. 180 మి.లీ. క్వార్టర్‌లో 61 గ్రాములు, అంటే ఆరు డ్రింక్‌లు. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతం అనుకుంటే 41 గ్రాములు, నాలుగు డ్రింక్‌లు. కల్తీ లేని కల్లు 5 శాతం దాకా పులిసిందనుకుంటే అదే సైజు సీసాలో 25 గ్రాముల పైన, రెండున్నర డ్రింక్‌లు.

'మితంగా తాగేవాళ్లు' అని ఏదైనా అధ్యయనంలో కనిపిస్తే అది చాలాసార్లు మూడు, ఆరు మూతల సంగతి. సాయంత్రం బెల్టు షాపు దగ్గర ఒక్క క్వార్టర్‌తో ఆపేసి 'నేను లిమిట్‌లోనే తాగుతా' అనుకునే మనిషి ఆ అధ్యయనాల లెక్కలో ఎక్కువ తాగేవాళ్ల వరసలో ఉంటాడు. మా ఊళ్లో ఈ ఒక్క విషయం దగ్గరే ఎన్నో అపోహలు మొదలవుతాయి.

914 మంది, 918 మంది

'ఒక్క చుక్క కూడా వద్దు' అన్న వార్త 2018లో గట్టిగా పాకింది. ప్రపంచవ్యాప్తంగా మద్యం వల్ల జరిగే నష్టం మీద ఆ ఏడాది 'లాన్సెట్' వైద్య పత్రికలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. ఆరోగ్య నష్టం అన్నిటికంటే తక్కువగా ఉండే మోతాదు సున్నా అని అది తేల్చింది. అందులోని అంకెలు ఇవి.

అసలు తాగని లక్ష మందిని తీసుకుంటే, మద్యంతో సంబంధం ఉన్న 23 రకాల జబ్బులు, గాయాల్లో ఏదో ఒకటి ఏడాదిలో 914 మందికి వస్తుంది. తాగకపోయినా వస్తుంది, ఎందుకంటే ఆ జబ్బులకు వేరే కారణాలూ ఉంటాయి. అదే లక్ష మంది రోజుకు ఒక డ్రింక్ తాగితే 918 మందికి వస్తుంది. రెండు తాగితే 977 మందికి, ఐదు తాగితే 1,252 మందికి.

ఈ అంకెలను రెండు రకాలుగా చెప్పొచ్చు. ఒక డ్రింక్‌తో ముప్పు దాదాపు 0.5 శాతం పెరిగింది అనొచ్చు. లేదా తలల లెక్కన లక్షకు నలుగురు అదనం, అంటే 25,000 మంది ఏడాదంతా రోజుకు మూడు మూతలు తాగితే అందులో ఒక్కరికి అదనంగా జబ్బు అనొచ్చు. రెండూ నిజమే, కానీ వినేవాడి గుండెలో కలిగే భయం ఒకటి కాదు. ఐదు డ్రింక్‌ల దగ్గర 338 మంది అదనం, అంటే 37 శాతం ఎక్కువ. మన క్వార్టర్ ఆరు డ్రింక్‌లని పైన చూశాం.

బ్రిటన్ గణాంక శాస్త్రవేత్త డేవిడ్ స్పీగల్‌హాల్టర్ అప్పట్లోనే ఒక అభ్యంతరం చెప్పారు. పూర్తిగా ప్రమాదం లేని డ్రైవింగ్ కూడా లేదు, అలాగని బండి నడపొద్దని ఏ ప్రభుత్వమూ చెప్పదు, సున్నా ముప్పు లేదన్నంత మాత్రాన అదే సలహా అయిపోదు అన్నది ఆయన వాదన. ఎదుటి పక్షం మాట వేరు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'సురక్షితమైన మోతాదు అంటూ లేదు' అని ప్రకటించినప్పుడు ప్రధానంగా క్యాన్సర్‌ను దృష్టిలో పెట్టుకుంది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఇంతవరకు ఫర్వాలేదు అనే గీత క్యాన్సర్ విషయంలో ఎక్కడా కనపడలేదని వాళ్లంటారు. అంకెల మీద ఇద్దరికీ పెద్ద తగాదా లేదు. ఆ అంకెలను జనానికి ఏ మాటల్లో చెప్పాలన్న దగ్గరే తేడా.

గుండెకు మంచిదన్న మాట ఎక్కడ పుట్టింది?

పాత అధ్యయనాల్లో పదేపదే ఒక వింత కనిపించేది. బాగా తాగేవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారు, అందులో ఆశ్చర్యం లేదు. కానీ అసలు తాగనివాళ్ల కంటే కొంచెం తాగేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నట్టు తేలేది. 'రోజుకో పెగ్గు' సలహా అక్కడినుంచే వచ్చింది.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న, ఆ 'తాగనివాళ్లు' ఎవరు అని. మన ఊరితో ఒక లెక్క వేసుకుందాం. అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవే. అరవై దాటిన మగవాళ్లలో 40 మంది 'నేను తాగను' అన్నారు. వాళ్లలో 25 మంది పుట్టి బుద్ధెరిగాక ముట్టనివాళ్లు. మిగతా 15 మంది ఒకప్పుడు బాగా తాగి, పచ్చకామెర్లు వచ్చో, లివర్ చెడిపోయో, 'ఇంకో చుక్క పడితే పోతవు' అని డాక్టర్ చెప్తేనో మానేసినవాళ్లు. ఐదేళ్లలో మొదటి 25 మందిలో ఇద్దరు, రెండో 15 మందిలో ఆరుగురు పోయారు. అందరినీ ఒక్క గంపలో వేస్తే 40లో 8, అంటే 20 శాతం. అదే ఊళ్లో కొంచెం కొంచెం తాగే 30 మందిలో ముగ్గురు పోయారు, 10 శాతం. తాగేవాళ్లలో చావులు సగమే అనిపిస్తుంది. మానేసినవాళ్లను పక్కకు తీసి చూడండి. ముట్టనివాళ్లలో 8 శాతం, కొంచెం తాగేవాళ్లలో 10 శాతం. లెక్క తిరగబడింది.

జబ్బు వల్ల మానేసినవాళ్లను 'తాగనివాళ్ల' ఖాతాలో రాయడం అనే ఈ పొరపాటును బ్రిటన్ పరిశోధకుడు షేపర్ బృందం 1988లోనే ఎత్తి చూపింది. 2023లో 107 అధ్యయనాలను, 48 లక్షల మంది సమాచారాన్ని కలిపి ఇలాంటి లోపాలను సరిచేసి చూస్తే, కొంచెం తాగేవాళ్లకు ఆయుష్షు పెరిగిన దాఖలా గట్టిగా నిలబడలేదు.

ఇంకో దారిలో చైనా పరిశోధన వచ్చింది. తూర్పు ఆసియాలో చాలామందికి పుట్టుకతోనే ఒక జన్యువు వల్ల మందు పడదు, ముఖం ఎర్రబడి ఒళ్లు తిప్పుతుంది, అందుకని వాళ్లు తక్కువ తాగుతారు. ఆ జన్యువు ఎవరికి రావాలన్నది చీటీ తీసినట్టే, డబ్బుతో, చదువుతో సంబంధం లేదు. అంటే ప్రకృతే మనుషులను రెండు గుంపులుగా విడదీసి పెట్టింది. ఐదు లక్షల మందితో జరిగి 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో పక్షవాతం ముప్పు మందుతో పాటు పెరుగుతూనే పోయింది, కొంచెం తాగినవాళ్లకు రక్షణేమీ కనపడలేదు. అక్కడ ఆడవాళ్లు దాదాపు తాగరు. అదే జన్యువు ఉన్నా ఆడవాళ్లలో పక్షవాతంలో తేడా రాలేదు. కాబట్టి కారణం జన్యువు కాదు, మందే. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే అందంగా అనిపించిన రుజువు ఇది.

ఇంతటితో గుండె సంగతి పూర్తిగా తేలిపోయిందా అంటే, లేదు. అదే చైనా అధ్యయనంలో గుండెపోటు విషయంలో లాభమూ నష్టమూ స్పష్టంగా కనపడలేదు. 2022లో లాన్సెట్‌లోనే వచ్చిన తర్వాతి విశ్లేషణ వయసును విడదీసి చూసింది. నలభై లోపువాళ్లకు మందుతో నష్టమే తప్ప లాభం లేదని, పెద్ద వయసులో గుండెజబ్బులు ఎక్కువగా ఉండే చోట కొద్ది మోతాదుకు కొంత లాభం ఉండొచ్చని చెప్పింది. మనుషులను చీటీలు తీసి రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకో డ్రింక్ ఇచ్చి ఏళ్లపాటు చూద్దామని అమెరికాలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. దానికి మద్యం కంపెనీల డబ్బు తెచ్చిన తీరు బయటపడ్డాక 2018లో ఆపేశారు.

తెలంగాణలో 43 శాతం అంటే ఎవరు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మందు తాగుతామని చెప్పారు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో అది 23.3, 0.5. దేశం మొత్తం మీద 18.8, 1.3. మగవాళ్ల లెక్కలో అరుణాచల్ ప్రదేశ్ తర్వాత మనదే పెద్ద అంకె.

వార్తల్లో ఇది 'తెలంగాణలో సగం మంది తాగుబోతులు' అన్న స్థాయికి పోయింది. సర్వేలో అడిగిన ప్రశ్న 'మీరు మందు తాగుతారా' అని. దసరాకు ఒక గ్లాసు కల్లు తాగే ముసలమ్మ, రోజూ క్వార్టర్ వేసే డ్రైవరు, ఇద్దరి జవాబూ 'అవును' అనే. ఎంత తరచుగా అని ఇంకో ప్రశ్న ఉంటుంది గానీ హెడ్‌లైన్‌లోకి అది రాదు. నల్లగొండ తాళ్లల్లో, పాలమూరు ఈతవనాల్లో కల్లు ఇంటి మనిషంత దగ్గర. పెళ్లికి, పండుగకు, చావుకు కల్లు ఉంటుంది, పెద్దవయసు ఆడవాళ్లూ దాపరికం లేకుండా తాగుతారు. ఆంధ్రకూ మనకూ ఉన్న తేడాలో ఈ అలవాటుకు పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం. అలాగని 43 శాతాన్ని తేలిగ్గా కొట్టేయలేం. ఎంతమంది అన్నది ఆ అంకె చెప్తుంది, ఎన్ని గ్రాములు అన్నది చెప్పదు. జబ్బు వచ్చేది గ్రాములతో.

కల్లు, కల్తీకల్లు: పేరు ఒకటే, ప్రమాదాలు వేరు

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ఒక చిక్కు ఉంది. చెట్టు నుంచి దించిన నీరా గాలిలోని ఈస్ట్‌తో పులిసి కల్లవుతుంది, అందులో మత్తు ఇచ్చేది ఆల్కహాల్. కల్లు చాలని చోట నీళ్లు కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. మొదటి రెండూ ఆందోళనకు, నిద్రకు డాక్టర్లు రాసే మందులు. పైన వేసిన గ్రాముల లెక్కేదీ ఈ సీసాకు వర్తించదు.

ఈ మందులకు అలవాటుపడ్డ ఒంటికి అవి ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పిచ్చిగా మాట్లాడతారు, ఫిట్స్ వస్తాయి. అందుకే కల్తీ మీద దాడులు జరిగిన వారంలోనే ఆసుపత్రులు నిండుతుంటాయి. 2015లో నిజామాబాద్ వైపు అదే జరిగింది, పాలమూరు డాక్టర్లకూ ఇలాంటి కేసులు కొత్త కాదు. చూసేవాళ్లకు 'కల్లు మానేస్తే పిచ్చిలేస్తది, కల్లే మందు' అనిపిస్తుంది. అక్కడ ఆగిపోయింది మాత్రల మందు. వైద్యం కూడా దానికే చేస్తారు, మోతాదును మెల్లగా తగ్గిస్తూ. ఇక మోతాదు మించితే ఏమవుతుందో 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు పలువురి ప్రాణాలు పోయినప్పుడు అందరం చూశాం.

పొగ విషయంలో ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?

1950కి ముందు బ్రిటన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు పెరుగుతోందో తెలియలేదు. రిచర్డ్ డాల్ అనే డాక్టరు మొదట రోడ్లకు వేసే తారును అనుమానించాడు. గణాంక శాస్త్రవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్‌తో కలిసి లండన్ ఆసుపత్రుల్లో ఆ క్యాన్సర్ ఉన్న 649 మంది మగవాళ్లను, వేరే జబ్బులతో చేరిన మరో 649 మందిని పొగ గురించి అడిగాడు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో పొగ తాగనివాళ్లు ఇద్దరే. రెండో గుంపులో 27 మంది.

ఇదే లెక్కను తాగేవాళ్ల వైపు నుంచి తిప్పి చెప్తే 647, 622. ఏముంది, రెండు గుంపుల్లోనూ అందరూ తాగేవాళ్లే కదా అనిపిస్తుంది. అప్పట్లో బ్రిటన్ మగవాళ్లలో తాగనివాడు అరుదు, అందుకే అసలు విషయం తాగనివాళ్ల వైపు నుంచి చూస్తేనే బయటపడింది. ఆ ఫలితాలు చూసి డాల్ స్వయంగా సిగరెట్ మానేశాడు. తర్వాత 1951లో బ్రిటన్ డాక్టర్లకు ఉత్తరాలు రాసి, బదులిచ్చిన 34,439 మంది మగ డాక్టర్లను యాభై ఏళ్లు వెంబడించారు. 2004లో చివరి లెక్క వచ్చింది: పొగ తాగినవాళ్లు సగటున పదేళ్లు ముందు పోయారు.

'వాళ్లు తెల్లోళ్లు, సిగరెట్లు తాగేటోళ్లు, మనది బీడీ' అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. న్యాయమైన ప్రశ్నే. మన పల్లెల్లో చావులు ఎక్కువగా ఇంట్లోనే జరుగుతాయి, ఎందుకు పోయారో కాగితం ఉండదు. అందుకని పరిశోధకుడు ప్రభాత్ ఝా బృందం దేశవ్యాప్తంగా 11 లక్షల ఇళ్ల సర్వేలో, శిక్షణ పొందిన మనుషులను చావు జరిగిన ఇళ్లకు పంపి, ఇంటివాళ్లను కూర్చోబెట్టి అడిగించింది: దగ్గు ఎన్నాళ్లుంది, నెత్తురు పడిందా, ఆయాసం వచ్చేదా, ఛాతీ నొప్పి అన్నాడా. ఆ జవాబులను డాక్టర్లు చదివి కారణం తేల్చారు. చనిపోయిన 74,000 మందిని బతికున్న 78,000 మందితో పోల్చారు. బీడీ తాగేవాడు మందూ తాగుతాడు, చదువూ తక్కువ ఉంటుంది కాబట్టి తేడా దానివల్లనేమో అన్న అనుమానం రాకుండా వయసు, చదువు, మందు అలవాటు ఒకేలా ఉన్నవాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు.

2008లో ఫలితం వచ్చింది. ముప్పై నుంచి అరవై తొమ్మిది ఏళ్ల మధ్యనే చనిపోయే అవకాశం పొగ తాగే మగవాళ్లలో వందకు 61, అలాంటి పరిస్థితుల్లోనే ఉండి తాగనివాళ్లలో 41. వందకు ఇరవై మంది అదనం. పైన మందు విషయంలో లక్షకు నలుగురు అన్న లెక్క పక్కన దీన్ని పెట్టి చూడండి. ఒకటి ఏడాదిలో వచ్చే జబ్బుల లెక్క, ఇంకోటి నలభై ఏళ్లలో చావుల లెక్క కాబట్టి నేరుగా తూచలేం గానీ, పరిశోధకులు పొగ గురించి ఇంత గట్టిగా ఎందుకు మాట్లాడతారో అర్థమవుతుంది. బీడీతో మగవాళ్లు సుమారు ఆరేళ్లు, ఆడవాళ్లు ఎనిమిదేళ్లు, సిగరెట్‌తో మగవాళ్లు పదేళ్లు కోల్పోతున్నారని తేలింది. మన దగ్గర పొగ వల్ల పోయేవాళ్లలో టీబీతో పోయేవాళ్లూ చాలామంది ఉన్నారు. బ్రిటన్ డాక్టర్ల లెక్కలో ఇది అంతగా కనపడదు.

ఒక్కటి తాగితే ఇరవయ్యో వంతు నష్టమేనా?

నల్లగొండ వాళ్లకు మోతాదు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ చూసినవాళ్లం. నీళ్లలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే ఇబ్బంది లేదు, ఒకటిన్నర దాటితే పిల్లల పళ్ల మీద గార, ఇంకా ఎక్కువ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగడం. అక్కడ ఒక గీత ఉంది, దాని లోపల ఉంటే చాలు.

పొగకు అలాంటి గీత లేదు. గుండె విషయంలో అయితే లెక్క ఇంకా వింతగా ఉంటుంది. 141 అధ్యయనాలను కలిపి 2018లో చూస్తే, రోజుకు ఒక్క సిగరెట్ తాగే మగవాడికి గుండెజబ్బు అదనపు ముప్పు, ఇరవై తాగేవాడి అదనపు ముప్పులో దాదాపు సగం ఉంది. ఇరవయ్యో వంతు కాదు, సగం. కొంచెం పొగకే రక్తం గడ్డకట్టే తీరు, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటాయి. ఆ తర్వాత ఎంత తాగినా పెరుగుదల నెమ్మదిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అలా కాదు, తగ్గించినకొద్దీ తగ్గుతుంది. 'ప్యాకెట్ నుంచి రెండుకు తగ్గించిన' అనే మనిషికి ఊపిరితిత్తుల వైపు లాభం బాగానే ఉంటుంది, గుండె వైపు అనుకున్నంత ఉండదు. వేప్ సంగతికి వచ్చినప్పుడు ఇది గుర్తుండాలి.

వేప్: ఆ 95 శాతం ఎక్కడిది?

వేప్ అంటే బ్యాటరీ, వేడెక్కే తీగ, ద్రవం. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచులు, చాలావాటిలో నికోటిన్ (పొగాకుకు మనిషిని బానిస చేసే పదార్థం) ఉంటాయి. మంట లేదు, బూడిద లేదు, పొగాకు కాలినప్పుడు పుట్టే తారు లేదు. చూడటానికి పెన్‌డ్రైవ్‌లాగో హైలైటర్ పెన్నులాగో ఉంటుంది, అందుకే పిల్లవాడి బ్యాగులో కనపడినా తల్లిదండ్రులకు తెలియదు.

95 శాతం అన్నది 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ చెప్పిన మాట. దాని మూలం 12 మంది నిపుణుల సమావేశం. నికోటిన్ ఉత్పత్తులకు నష్టం ఎంతో మార్కులు వేస్తే సిగరెట్‌కు దాదాపు వంద, ఈ-సిగరెట్‌కు నాలుగు పడ్డాయి. రోగులను ఏళ్లపాటు లెక్కబెట్టి తేల్చిన అంకె కాదు. చాలా ఉత్పత్తుల నష్టం మీద గట్టి ఆధారాలు లేవని ఆ నిపుణులే తమ వ్యాసంలో రాసుకున్నారు, లాన్సెట్ సంపాదకీయం దాన్నే పట్టుకుని ఏకిపారేసింది. సమర్థించేవాళ్ల వాదన కూడా బలమైనదే. కాలిన పొగలో ఉండే విషాలు వేప్ ఆవిరిలో చాలా తక్కువని పరీక్షల్లో తేలింది, పాతికేళ్లు ఆగి చావులు లెక్కబెట్టేదాకా సిగరెట్ తాగేవాళ్లకు ఏమీ చెప్పకుండా ఎలా ఉంటాం అని వాళ్లు అడుగుతారు. అయితే విషం 95 శాతం తగ్గితే గుండె ముప్పు కూడా అంతే తగ్గుతుందని చెప్పలేం. ఒక్క సిగరెట్ లెక్క పైనే చూశాం.

అన్నిటికంటే ముఖ్యమైనది మళ్లీ పోలికే. ఆ 95 శాతం సిగరెట్‌తో పోల్చి చెప్పింది. ఇరవై ఏళ్లుగా రోజూ ప్యాకెట్ తాగే మనిషి పూర్తిగా వేప్‌కు మారితే అన్న ప్రశ్నకు అది జవాబు. ఎన్నడూ పొగ ముట్టని ఇంటర్ పిల్లవాడు పోల్చుకోవాల్సింది మంచి గాలితో. ఆ పోలికలో వేప్‌కు కలిసొచ్చేది ఏమీ లేదు.

మానిపిస్తుందా, కొత్తగా అంటిస్తుందా?

2019లో బ్రిటన్‌లో పొగ మానాలనుకున్న 886 మందిని చీటీలతో రెండు గుంపులు చేశారు. ఒకరికి ఈ-సిగరెట్, ఇంకొకరికి ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్, నమిలే గమ్ లాంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 18 శాతం, రెండో గుంపులో 9.9 శాతం. దాదాపు రెట్టింపు. అదే అధ్యయనంలో ఇంకో వరస ఉంది: అలా మానినవాళ్లలో ఏడాది చివర ఇంకా వేప్ లాగుతున్నవాళ్లు 80 శాతం, ప్యాచ్, గమ్ వాడుతున్నవాళ్లు 9 శాతం. సిగరెట్ పోయింది, నికోటిన్ పోలేదు. ఇది గెలుపా కాదా అన్నది మీరు సిగరెట్‌ను శత్రువు అనుకుంటున్నారా, నికోటిన్‌ను అనుకుంటున్నారా అన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇక పిల్లలు. తొమ్మిది అధ్యయనాలను కలిపి 2017లో చూస్తే, వేప్ రుచి చూసిన టీనేజర్లు, యువకుల్లో 30.4 శాతం తర్వాత సిగరెట్ మొదలుపెట్టారు, చూడనివాళ్లలో 7.9 శాతమే. ఇదే దారి చూపిందని ఒక పక్షం అంటుంది. ఏదైనా ఒకసారి చేసి చూద్దామనే పిల్లవాడు వేప్ లేకపోయినా సిగరెట్ పట్టేవాడేనని రెండో పక్షం అంటుంది. అమెరికా హైస్కూళ్లలో 2019లో 27.5 శాతం మంది వేప్ వాడుతున్న రోజుల్లోనే పిల్లల్లో సిగరెట్ తగ్గుతూ వచ్చిందనీ గుర్తుచేస్తుంది. నా మట్టుకు నాకు ఆ 27.5 శాతమే ఎక్కువ కలవరం కలిగిస్తుంది. ఆ పిల్లల్లో ఎంతోమంది సిగరెట్ మానడానికి వచ్చినవాళ్లు కారు.

అదే 2019లో అమెరికాలో వేప్ వాడినవాళ్లు ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరికి 2,807 మంది చేరితే 68 మంది చనిపోయారు. ప్రధాన కారణం గంజాయి సారంతో దొంగచాటుగా తయారైన ద్రవాల్లో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అని తేలింది. 'వేప్‌తో 68 మంది చచ్చారు' అన్న ఫార్వర్డ్‌లో ఈ ముక్క ఉండదు. మన కల్తీకల్లు కథకు ఇది అన్నదమ్ముల వరస.

మన దేశం 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ తెచ్చి, డిసెంబర్‌లో చట్టం చేసింది. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం, నిల్వ తప్ప మిగతావాటికి మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. బీడీ, సిగరెట్ కొట్లో వేలాడుతుంటే వాటికంటే తక్కువ హానిదాన్ని ఆపడం ఏమిటన్నది విమర్శ. ఇంకో వైపు నుంచి చూస్తే, 2016–17 సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 21.4 శాతం నమిలే పొగాకు, 7.7 శాతం బీడీ వాడుతున్నారు, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతమే. ఖైనీ నమిలే కూలీ, బీడీ కట్ట కొనే రైతు వేల రూపాయల వేప్‌కు మారతారా? బ్రిటన్ లెక్క సిగరెట్ దేశానిది. ఇక్కడ వేప్ చేరేది ఎక్కువగా ఎన్నడూ పొగ తాగని పట్నం పిల్లలకే అన్నది నిషేధాన్ని సమర్థించేవాళ్ల బలమైన వాదన.

చిన్నాయన ఇదంతా ఓపిగ్గా విన్నాడు. మటన్ దించారు, విస్తళ్లు వేస్తున్నారు. "అవన్నీ సరే, నా బీడీల సంగతి జెప్పు. అరవై ఏండ్లొచ్చినయి, ఇప్పుడు మానితే ఏమొస్తది?"

బ్రిటన్ డాక్టర్ల లెక్కలో దీనికీ ఒక వరస ఉంది. ముప్పైలో మానినవాళ్లకు పోవాల్సిన పదేళ్లూ దాదాపు దక్కాయి. నలభైలో మానితే తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మూడు. సగటు లెక్క అది, సిగరెట్ తాగిన డాక్టర్లది, ఏ ఒక్క మనిషికీ రాసిచ్చిన మాట కాదు అని చెప్పాను.

"మూడేండ్లా" అన్నాడు. బావి కాడ నిరుడు కాక మొన్నటేడు పెట్టిన బత్తాయి మొక్కల వైపు చూసి వేళ్లు మడిచి లెక్కబెట్టుకున్నాడు. "అయి గూడ మూడేండ్లకే కాతకొస్తయి."